లైటు వెలుగుతోందండీ!

మా నాన్నగారు ఆష్‌బర్న్ వచ్చిన మూడో రోజున ఎదురింటావిడ మా ఆవిడని ఆపి, కాస్త మొహమాటపడుతూ అడిగిందట. "మీ ఇంటికొచ్చిన పెద్దాయన పొద్దున్నే రోడ్డు పక్కన నిలబడి, పోయే ప్రతి కారుకీ చెయ్యెత్తి ఏదో చెబుతున్నారు. ఆయనకేమైనా సాయం కావాలేమో?" అని.

సాయం ఆయనకి అక్కర్లేదండీ. ఆయనే ఆష్‌బర్న్ ఊరందరికీ సాయం చేస్తున్నారు.

అరచెయ్యి ఎదుటివాడి వైపు తిప్పి, ఐదు వేళ్ళూ ముడిచి విప్పడం, మళ్ళీ ముడిచి విప్పడం. ఇండియాలో ఒక్క నెల స్కూటరు నడిపిన వాళ్ళకైనా ఈ సైగ అర్థం చెప్పక్కర్లేదు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల కోసం చెబుతున్నాను: "బాబూ, పట్టపగలు నీ బండి లైటు వెలుగుతోంది, చూసుకో" అని దాని అర్థం. ముక్కూ మొహం తెలియనివాడికి ముక్కూ మొహం తెలియనివాడు చేసే ఉపకారం అది. థాంక్స్ చెప్పే వ్యవధి కూడా ఉండదు. ఆ లోపల బండి దాటిపోతుంది.

మా తొమ్మిదేళ్ళవాడు మాత్రం నర్సరీ పిల్లలు చుక్కల పాటకి చేసే అభినయం అనుకున్నాడు. తాతయ్య పక్కన నిలబడి వాడూ రెండు చేతులతో మొదలుపెట్టాడు. మా వీధిలో కార్లవాళ్ళు కొందరు నవ్వి చేతులూపారు. "చూశావా, చెబితే వింటారు" అన్నారు నాన్న. వాళ్ళెవరూ లైటు ఆర్పలేదన్న సంగతి ఆయన గమనించినట్టు లేదు.

నాన్న 1976లో ఆర్టీసీలో డ్రైవరుగా చేరి, 2010లో భీమవరం డిపోలో రిటైరయ్యారు. ముప్ఫై నాలుగేళ్ళలో పల్లెవెలుగు నుంచి హైదరాబాదు నైట్ సర్వీసు దాకా అన్నీ నడిపారు. 2023లో అమ్మ పోయాక ఇంట్లో ఒక్కరే ఉండిపోయారు. మాట తగ్గిపోయింది. ఫోను చేస్తే "ఊఁ, తిన్నాను. ఊఁ, బాగానే ఉంది" తప్ప మూడో ముక్క ఉండేది కాదు. బతిమాలగా బతిమాలగా 2024 జూన్‌లో ఆరు నెలలకి వచ్చారు. ఇక్కడికొచ్చాక కూడా అంతే. బండ్ల గురించి తప్ప వేరే మాటలేదు. అందుకని ఆ చేతి సైగ మానిపించడానికి నాకు మనసొప్పలేదు. ఆయన ఇష్టంగా చేస్తున్న పని అదొక్కటే కనబడింది.

అయినా ఒకరోజు నడకలో విషయం చెప్పాను. ఇక్కడ చాలా కార్లకి పగటిపూట లైట్లు వాటంతటవే వెలుగుతాయి నాన్నా, ఎవరూ మర్చిపోయి కాదు అని. ఎందుకు అన్నారు. స్వీడన్‌లో 1977లోనే పగలు కూడా లైట్లు వెయ్యాలని చట్టం చేశారు, కెనడాలో 1989 డిసెంబరు తర్వాత తయారైన కొత్త కార్లన్నిటికీ పగటి లైట్లు ఉండి తీరాలన్నారు, అమెరికాలో అలాంటి చట్టం లేకపోయినా తొంభైల మధ్య నుంచి కొన్ని కంపెనీలు తమంతట తామే పెట్టడం మొదలెట్టాయి అని, నాకు తెలిసినంత వరకూ వల్లించాను.

"సూర్యుడు సరిగ్గా రాని దేశం వాళ్ళు పెట్టుకున్నారంటే అర్థముంది. ఈ జూన్ నెల ఎండలో ఎందుకురా?"

"మనం ఎదుటివాడికి బాగా కనబడటానికి నాన్నా."

ఆయన పది అడుగులు మాట్లాడకుండా నడిచారు. "లైటు మనకి దారి కనబడటానికి అనుకున్నానురా ఇన్నాళ్ళూ" అన్నారు.

ఇండియాలో కూడా 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి హెడ్‌లైటు ఆర్పే స్విచ్చే లేదు కదా, ఇంజను స్టార్ట్ చేస్తే లైటు వెలిగి తీరుతుంది కదా, మరి అక్కడ ఇంకా ఎందుకు సైగ చేస్తారు అని అడిగాను. "దూరం నుంచి వచ్చేది కొత్త బండో పాత బండో నాకెలా తెలుస్తుంది? అందుకని అందరికీ చెబుతాను" అన్నారు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

ఇక మా కారు సంగతి. కంపెనీ పేరు చెప్పను గానీ, ఇది చదువుతున్న మీలో సగం మందికి అమెరికాలో మొదటి కారు అదే అయి ఉంటుంది. 2005 మోడలు, ముదురు బూడిద రంగు. గుళ్ళో పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి రోడ్డెక్కించాం. పంతొమ్మిదేళ్ళైనా చెక్కుచెదరలేదు. ఆఫీసుకి వేరే కారొచ్చాక, ఇది మా పెద్దమ్మాయి డ్రైవింగ్ నేర్చుకోవడానికీ, నేను మెట్రో స్టేషన్ దాకా వెళ్ళడానికీ మిగిలింది.

దాని లైట్లది ఒక పద్ధతి. పగలు చిన్నగా వెలుగుతాయి. చీకటి పడితే పూర్తిగా వెలుగుతాయి. డాష్‌బోర్డు మీద అద్దం దగ్గర రూపాయి కాసంత నల్లటి బుడిపె ఒకటి ఉంటుంది. వెలుగెంతుందో కనిపెట్టేది అదే. వంతెన కిందికి వెళితే వెలిగించి, బయటికి రాగానే తగ్గించేస్తుంది. స్విచ్చి ఆఫ్‌లో పెట్టినా సరే, ఇంజను నడుస్తున్నంత సేపూ లైట్లు దాని ఇష్టం, మన ఇష్టం కాదు. పంతొమ్మిదేళ్ళుగా నేను దీన్ని సుఖం అనుకున్నాను. నాన్న ఒక్క పూటలో కనిపెట్టేశారు. "ఇదేం స్విచ్చిరా, ఆపడానికి పనికిరానిది?"

మావాడికి ఆకాశం పిచ్చి. వాళ్ళ క్లాసులో గ్రహాల గురించి చెప్పిన దగ్గర్నుంచీ రాత్రయితే డెక్ మీదకెక్కి మెడ పైకెత్తి నిలబడతాడు. కానీ ఆష్‌బర్న్‌లో ఏం కనబడుతుందండీ? ప్రపంచంలో ఎక్కడా లేనన్ని డేటా సెంటర్లు మన చుట్టూ ఉన్నాయి, ఇటు డల్లెస్ ఎయిర్‌పోర్టు, అటు షాపింగు కాంప్లెక్సులు. మేఘాలు కూడా రాత్రిపూట నారింజరంగులో మెరుస్తుంటాయి. ఒకరోజు తాతయ్య కూడా వాడి పక్కన నిలబడి, "భీమవరంలో మేడమీద పడుకుంటే చుక్కలు మీద పడతాయా అన్నట్టుండేది. మీ నాయనమ్మకి ఒక్కొక్క చుక్కా పేరుతో తెలుసు" అన్నారు. అమ్మ ప్రస్తావన ఆయన నోట వినడం ఆ యేడాదిలో అదే మొదటిసారి. ఆ రాత్రే నిశ్చయించాను, వీళ్ళిద్దర్నీ చీకటున్న చోటికి తీసుకెళ్ళాలని.

మనకి గంట ప్రయాణంలో స్కై మెడోస్ స్టేట్ పార్కు ఉంది. బ్లూ రిడ్జ్ కొండల అంచున, డెలప్లేన్ దగ్గర. 2021లో దానికి అంతర్జాతీయ డార్క్ స్కై పార్కుగా గుర్తింపు వచ్చింది. మామూలుగా చీకటి పడగానే మూసేస్తారు గానీ, కొన్ని శనివారాలు నక్షత్రాలు చూపించడానికి తెరిచి ఉంచుతారు. రూట్ 50 పట్టుకుని ఆల్డీ, మిడిల్‌బర్గ్, అప్పర్‌విల్ దాటి వెళితే ముందు పారిస్ అనే చిన్న ఊరొస్తుంది. పెళ్ళైన కొత్తలో మా ఆవిడకి పారిస్ చూపిస్తానని మాటిచ్చాను. బోర్డు రాగానే కారు నెమ్మది చేసి, "ఇదిగో" అన్నాను. ఆ తర్వాత పార్కు వచ్చేదాకా కారులో నిశ్శబ్దం.

ఆ ఆగస్టు రాత్రి గురించి ఎంత రాసినా తనివి తీరదు. గడ్డి మైదానంలో వరసగా టెలిస్కోపులు. ఎవరి చేతిలోనూ మామూలు టార్చి లేదు. అన్నిటికీ ఎర్ర కాగితం చుట్టుకున్నారు. ఎందుకో అక్కడి వాలంటీరు ఒకాయన మా పిల్లలకి చెప్పాడు. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుందట. చీకట్లో చూసే కణాల్లో ఒక రంగు పదార్థం మెల్లగా కూడుకుంటుంది. ఒక్క క్షణం తెల్లటి వెలుగు పడిందా, అదంతా చెదిరిపోతుంది. మళ్ళీ మొదట్నుంచీ అరగంట. ఎర్ర వెలుగైతే ఆ కణాలని అంతగా కదిలించదు. నాన్నకి తర్జుమా చేసి చెప్పబోతే, "నాకు తెలుసులే, నైట్ డ్యూటీ డ్రైవర్ని" అన్నారు.

పాలపుంత చూశాం. మావాడు శనిగ్రహం చూసి కెవ్వుమన్నాడు. నాన్న దుప్పటి మీద వెల్లకిలా పడుకుని ఒక గంట సేపు కదల్లేదు. నిద్రపోయారేమో అని వంగి చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి.

పదకొండవుతుంటే పిల్లవాడు కూర్చున్నచోటే తూగుతున్నాడు. వాణ్ణి ఎత్తుకొచ్చి కారులో కూర్చోబెట్టాం. నేను లైటు స్విచ్చి ఆఫ్‌లో ఉందని రెండుసార్లు తడిమి చూసుకుని మరీ ఇంజను స్టార్ట్ చేశాను.

మన కారుకి నా స్విచ్చితో పనేముంది? చీకటి చూసి మహా ఉత్సాహంగా రెండు దీపాలూ భగ్గుమనిపించింది. సరిగ్గా టెలిస్కోపుల వరస మీదకి. నలభైమంది ఒక్కసారి "ఓ..." అని మూలిగిన చప్పుడు నాకింకా చెవిలో ఉంది. గాభరాలో వైపర్లు వేశాను, హై బీమ్ కూడా వేశాను. ఆఖరికి తాళం తిప్పి ఇంజను ఆపాను. ఒకాయన రెండు గంటలుగా ఫోటో తీస్తున్నాడట, అది పోయింది. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బావుండేది.

ఈలోగా వెనక తలుపు తెరిచి నాన్న దిగారు. చీకట్లో ఆ వరస దగ్గరికి నడిచి వెళ్ళి, రెండు చేతులూ జోడించి, ఒక్కొక్కరి ముందూ తలవంచుకుంటూ వెళ్ళారు. ఆయనకి ఇంగ్లీషు రాదు. వాళ్ళకి ఆయన మొహం కనబడదు.

దారి పొడుగునా మాట్లాడలేదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఎదుటివాడి కళ్ళలో లైటు కొట్టలేదురా నేను" అన్నారు.

మర్నాటి నుంచీ నాకు అదే పట్టుదల. పంతొమ్మిదేళ్ళుగా గ్లవ్ బాక్సులో ముట్టుకోని మాన్యువల్ బయటికి తీశాను. అందులో ఒక చిట్కా దొరికింది. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచి ఇంజను స్టార్ట్ చేస్తే లైట్లు వెలగవు. బ్రేకు దించిన మరుక్షణం వెలుగుతాయి. అంటే కదలకుండా ఉండటానికి పనికొస్తుంది గానీ కదలడానికి కాదు. నాకు పూర్తి పరిష్కారం కావాలి. డాష్‌బోర్డు కింద ఈ లైట్ల పెత్తనమంతా చేసే చిన్న పెట్టె ఒకటుందని తెలుసుకున్నాను. దాని తీగ పీకేస్తే ఇక లైట్లు మన చేతిలో ఉంటాయి.

నాన్న వద్దన్నారు. "ఒక్క రాత్రి పని కోసం మూడొందల అరవై రాత్రుల సదుపాయం పీకేస్తావా? ఇన్నేళ్ళుగా అది వెలిగిస్తుందని నమ్ముకుని నీ చెయ్యి స్విచ్చి మీదకి పోవడం మర్చిపోయింది" అన్నారు. స్విచ్చి ఆపడానికి పనికిరాదని వెక్కిరించింది మీరే కదా అన్నాను. ఆయన పడుకున్నాక, గరాజులో తలకిందులుగా దూరి తీగ ఊడదీశాను. స్టార్ట్ చేశాను. చీకటి! మంచి ఇంజనీరునని నన్ను నేనే మెచ్చుకున్నాను.

సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం. చినుకు, మబ్బు, ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. పెద్దమ్మాయి నడుపుతోంది. లర్నర్స్ పర్మిట్ కాబట్టి పక్క సీట్లో నేను, వెనక తాతయ్య. డాష్‌బోర్డులో మీటర్లు ఎప్పటిలాగే మిలమిలా వెలుగుతున్నాయి. లోపల వెలుగుంటే బయట కూడా ఉందనుకుంటాం. అదే ఈ కొత్త బండ్లలో ఉన్న మోసం. పాత బస్సుల్లో లైటు వెయ్యకపోతే మీటరు కూడా చీకటిగా ఉండేది, వెంటనే తెలిసేది.

ఎదురుగా వచ్చే కారొకటి రెండుసార్లు లైటు కొట్టి వెళ్ళింది. "ముందు పోలీసులున్నారేమో డాడీ" అంది అమ్మాయి. నేను స్పీడు చూసుకోమన్నాను. ఇంకొక కారు కూడా కొట్టింది. వెనక నుంచి నాన్న కేక వేశారు.

"ఒరేయ్, లైట్లు! మన లైట్లు!"

సరిగ్గా అప్పుడే ఆష్‌బర్న్ రోడ్డుని డబ్ల్యూ అండ్ ఓడీ ట్రెయిల్ దాటే చోటికొచ్చాం. పాత రైలుపట్టాల దారిని నడకకీ సైకిళ్ళకీ వేసిన బాట అది, మీలో చాలామంది వారాంతాల్లో నడిచేదే. వానకోటు వేసుకున్న సైకిలాయన ఒకాయన అటూ ఇటూ చూసుకునే రోడ్డు మీదకొచ్చాడు. బూడిదరంగు వానలో, బూడిదరంగు రోడ్డు మీద, దీపం లేని బూడిదరంగు కారు ఆయనకి కనబడలేదు. అమ్మాయి బ్రేకు మీద నిలబడింది. కారు జారి, ఆయన ముందు చక్రానికి రెండడుగుల దూరంలో ఆగింది.

ఆయన సైకిలు మీంచి దిగి, మా దీపాల వైపు వేలు చూపించి, "మీ లైట్లు" అన్నాడు. అంతే. సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. అమ్మాయి చేతులు స్టీరింగ్ మీద వణుకుతున్నాయి. "ఐ చెక్డ్ ఎవ్రీథింగ్, డాడీ. అవి వాటంతటవే వెలుగుతాయి కదా" అంది.

దానికి చెప్పలేదు నేను. తీగ పీకిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మన వర్జీనియాలో వైపర్లు వేసుకోవలసినంత వాన కురుస్తుంటే హెడ్‌లైట్లు వెయ్యాలని చట్టం. ఐదొందల అడుగుల దూరంలో మనిషి గాని బండి గాని స్పష్టంగా కనబడకపోయినా వెయ్యాలి. పిల్లకి రాతపరీక్షకి ఇవన్నీ దగ్గరుండి బట్టీ పట్టించినవాణ్ణి నేనే.

ఆ రాత్రి భోజనాలయ్యాక నాన్న నన్ను గరాజులోకి పిలిచారు. కేకలేస్తారనుకున్నాను. ఒక బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని, నెమ్మదిగా మొదలెట్టారు.

"నీకు నాలుగేళ్ళప్పుడు ఉండి దగ్గర కాలవ గట్టు మీద ఎడ్లబండిని గుద్దాను. తెలుసా నీకు?"

తెలియదు. అమ్మ కూడా ఎప్పుడూ చెప్పలేదు.

రాత్రి ఆఖరి ట్రిప్పట. ఒక పక్క కాలవ, ఒక పక్క చేలు, మధ్యలో ఒక బస్సుకి సరిపోయే రోడ్డు. ఎదురుగా వడ్ల లోడు లారీ. ఈయన డిమ్ కొట్టారు. వాడు కొట్టలేదు. నిండా హై బీమ్‌తో వచ్చి పక్కనుంచి రాసుకుపోయాడు. అప్పట్లో హెడ్‌లైటు పై సగానికి నల్లరంగు పూసుకునేవారు చాలామంది, ఎదుటివాడి కంట్లో పడకుండా. ఆ లారీకి అదీ లేదట. "వాడు దాటిపోయాక మూడు సెకన్లు నాకు ఏమీ కనబళ్ళేదురా. తెల్లగా, గోడలాగా. నేను బ్రేకు మీదే ఉన్నాను. ఆ మూడు సెకన్లలోనే ఎడ్లబండి. దానికి వెనక లాంతరు లేదు." బండివాడికి కాలు విరిగింది. ఒక ఎద్దు అక్కడే పోయింది. ఎంక్వయిరీలో నాన్న తప్పు లేదన్నారు. ఆయన మాత్రం ఆ బండి రైతు బతికున్నంత కాలం ప్రతి సంక్రాంతికీ బట్టలు పెట్టి వచ్చారట. అమ్మే కొని ఇచ్చేదట.

"ఎక్కువ వెలుగు ఒకడి దగ్గర, అసలు వెలుగు లేంది ఇంకొకడి దగ్గర, మధ్యలో నేను" అన్నారు. తర్వాత, "తీగ పీకావు సరే. డ్యూటీ దిగే డ్రైవరు బండిలో లోపం ఏముందో పుస్తకంలో రాసి దిగాలి. ఎక్కేవాడు చదివి సంతకం పెట్టాలి. నువ్వు పిల్లకి బండి అప్పజెప్పి లోపం రాయలేదు" అన్నారు.

అప్పటికప్పుడు తీగ మళ్ళీ తగిలించాను. టార్చి ఆయన పట్టుకున్నారు.

మరి నక్షత్రాల మాటో? దానికి ఉపాయం మాన్యువల్లో లేదు, నాన్న దగ్గరుంది. 1971 యుద్ధం నాటికి ఆయనకి పంతొమ్మిదేళ్ళు, విశాఖపట్నంలో హార్బరు లారీల మీద క్లీనరు. డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరంలో మునిగిపోయిన రోజులు. ఊరంతా బ్లాకౌట్. కిటికీలకి నల్ల కాగితాలు, బండ్ల లైట్లకి నల్ల ముసుగులు. లారీ లైట్లకి ఆ ముసుగులు కట్టే పని ఈయనదేనట. "బల్బు ఆపలేనప్పుడు మూతెయ్యాలి. దానికి కరెంటు పనెందుకు?" అన్నారు.

మా ఆవిడ నా పాత నల్ల కాటన్ ప్యాంటు ఒకటి తెచ్చింది. నైలాన్ వద్దన్నారు, వేడికి కరుగుతుందని. రెండు మోకాళ్ళ దగ్గర ముక్కలు కత్తిరించి, రెండు మడతలు పెట్టి, అంచుకి ఎలాస్టిక్ వేసి కుట్టింది. కారుకి తొడిగితే అచ్చం కళ్ళజోడు పెట్టుకున్న గేదెలాగుంది. అమ్మాయి ఫోటో తీసింది గానీ ఎవరికీ పంపకూడదని నేను ఒట్టేయించుకున్నాను.

నవంబరు మొదట్లో మళ్ళీ వెళ్ళాం. ఈసారి తాతయ్యే కండక్టరు. వెలుగుండగానే చేరాలన్నారు, చేరాం. బస్సుని ఎప్పుడూ బయటికి మొహం పెట్టి ఆపాలన్నారు, కారు వెనక్కి తిప్పి గేటు వైపు మొహం పెట్టి, అందరికన్నా చివర ఆపాం. హ్యాండ్ బ్రేక్ వేశాం. లోపలి దీపం తలుపు తీసినా వెలగకుండా ఆపాం. దిగగానే ముసుగులు తొడిగి, ఎందుకైనా మంచిదని డాష్‌బోర్డు మీద ఒక కాగితం పెట్టారు. దాని మీద ఆయన తెలుగులోనే రాశారు: "లైట్లకు గుడ్డ ఉన్నది. తీసి నడపవలెను."

చలి ఎముకల్లోకి దిగుతోంది. ఎనిమిదింటికి తూర్పున చిన్న చుక్కల గుంపు ఒకటి పైకొచ్చింది. మావాడు టెలిస్కోపు ఆయన దగ్గర నేర్చుకున్న పేరు చెప్పాడు, ప్లైయడీస్ అని. నాన్న వాడి భుజం మీద చెయ్యి వేసి, "కాదురా, అది పిల్లల కోడి" అన్నారు. చుట్టూ పిల్లల్ని వేసుకుని మేతకి బయల్దేరిన కోడి. పుస్తకాల్లో కృత్తికలంటారు. "మీ నాయనమ్మ కార్తీకమాసంలో దీపం పెట్టి, గుమ్మంలో నిలబడి నాకు చూపించేది. నైట్ డ్యూటీకి వెళ్ళేటప్పుడు. అది నెత్తి మీదకొచ్చేసరికి ఎక్కడ ఉంటారు అని అడిగేది. సూర్యాపేటలో అనేవాణ్ణి." ఆ పైన ఆయన చెబుతూనే ఉన్నారు. చీకట్లో మొహం కనబడకపోతే మా నాన్న ఇంత మాట్లాడతారని నాకు తెలియదు. ఎన్ని పిల్లలున్నాయి అని మావాడు అడిగితే ఆరు అన్నారు. వాడికి తొమ్మిది కనబడ్డాయట. కళ్ళు అలాంటివి.

తిరిగి వచ్చేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వేసి ఉండగానే ఇంజను స్టార్ట్ చేశాను. చీకటిగానే ఉంది. బ్రేకు దించాను. ముసుగుల లోపల ఎర్రటి మసక కనబడింది, అంతే. ఎవరూ మూలగలేదు. ఎర్ర కాగితం చుట్టిన టార్చి పట్టుకుని నాన్న కారుకి ముందు నడిచారు, పొగమంచులో బస్సుకి ముందు క్లీనరు నడిచినట్టు. నేను నడక వేగంతో ఆయన వెనకే వెళ్ళాను. మలుపు తిరిగి చెట్ల చాటుకి వచ్చాక ఆగి, ముసుగులు విప్పి, మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు. కాగితం కూడా తీసేశారు.

ఇప్పుడా కారు గ్లవ్ బాక్సులో మాన్యువల్ పక్కన రెండు నల్లగుడ్డలూ ఒక నోటు పుస్తకమూ ఉంటాయి. పుస్తకం పెద్దమ్మాయిది. కారు తీసినవాళ్ళు అందులో రాయాలి, సంతకం పెట్టాలి. "కుడి వెనక టైరులో గాలి తక్కువ." "వైపర్ నీళ్ళు అయిపోయాయి." నేను ఒకసారి రాయకపోతే తాళాలు ఇవ్వలేదు.

నాన్న నవంబరు నెలాఖరున వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆదివారాలు ఫోనులో మూడో ముక్కా నాలుగో ముక్కా కూడా ఉంటున్నాయి. మొన్నామధ్య చెప్పారు. పొద్దున్నే పాలకి వెళుతుంటే ఎదురుగా ఒక కుర్రాడు లైటు వేసుకుని బండి మీద వస్తున్నాడట. ఈయన అలవాటుగా చెయ్యెత్తి చూపించారు. వాడు నవ్వి, "ఆటోమేటిక్ తాతా!" అని అరుచుకుంటూ పోయాడట.

"మరి మీరేం చేశారు నాన్నా?"

"ఏం చేస్తాను? వాడి వెనకాల ఇంకొకడు వస్తున్నాడు. వాడికి చూపించాను."